రేపటికి గడువు చెప్పండి

ఎన్నికలైనా, పంటలైనా, శాంతి చర్చలైనా పల్నాడు ఎన్నోసార్లు ఊపిరి బిగబట్టి ఎదురుచూసింది. కష్టానికి అలవాటుపడిన ఈ నేల దేనికి బెదిరింది, దేన్ని నమ్ముకుని నిలబడింది?

2024 మే 13న పోలింగ్. జూన్ 4న ఓట్ల లెక్కింపు. మధ్యలో 22 రోజులు. రాష్ట్రంలో చాలాచోట్ల ఆ రోజులు ఎవరికి ఎన్ని సీట్లన్న కబుర్లతో గడిచిపోయాయి. మాచర్ల, గురజాల, నరసరావుపేట వైపు మాత్రం ఒక్కో రోజూ ఒక్కో ఏడాదిలా నడిచింది.

పోలింగ్ నాడు పల్నాడు జిల్లాలో 85 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. ఎండలో వరుసకట్టి, పొద్దుపోయేదాకా నిలబడి మరీ వేశారు. అదే రోజు రెంటచింతల మండలం పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలో ఈవీఎంను నేలకేసి కొట్టారు. ఆ దృశ్యం కెమెరాకు చిక్కి తర్వాత దేశమంతా చూసింది. రాళ్ల దాడులు, కార్ల ధ్వంసం, తలలు పగలడం. మర్నాటికి 144 సెక్షన్ వచ్చింది. మాచర్లలో, నరసరావుపేటలో దుకాణాలు మూతపడ్డాయి. కేంద్ర ఎన్నికల సంఘం రాష్ట్ర ప్రధాన కార్యదర్శిని, డీజీపీని ఢిల్లీకి పిలిపించింది. జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసి, కలెక్టర్‌ను బదిలీ చేసింది. ప్రత్యేక దర్యాప్తు బృందం దిగింది. సీసాల్లో పెట్రోలు పోయొద్దని బంకులకు ఆదేశాలు వెళ్లాయి. ఊళ్లలో పోలీసులు ఇల్లిల్లూ సోదా చేస్తే కత్తులు, కర్రలతో పాటు పెట్రోలు బాంబులూ దొరికాయి. ఫలితాలు వచ్చాక కూడా మరో 15 రోజులు కేంద్ర బలగాలు రాష్ట్రంలోనే ఉండాలని నిర్ణయించారు.

ఇదంతా పత్రికల్లో వచ్చిందే. పత్రికలకు ఎక్కనిది ఇళ్లలో జరిగింది. మే నెలాఖరంటే ఈ ప్రాంతంలో ఏడాది బతుకంతా తేల్చుకునే రోజులు. మిరప అమ్మిన డబ్బులు ఎంత చేతికొచ్చాయో, ఎంత అప్పు తిరగరాయాలో లెక్కవేసుకోవాలి. కౌలు మాట్లాడుకోవాలి. పత్తి విత్తనాలకు అడ్వాన్సు ఇవ్వాలి. పిల్లల్ని ఏ కాలేజీలో చేర్చాలో తేల్చుకోవాలి. ఆ ఏడాది వీటన్నిటికీ ఒకటే జవాబు: "లెక్కింపు అయ్యేదాకా చూద్దాం." కేసుల్లో పేర్లున్న మగవాళ్లు ఊళ్లో లేరు. పేర్లు లేనివాళ్లు రేపు ఎక్కిస్తారేమోనన్న భయంతో లేరు. ఆడవాళ్లు, పిల్లలు చుట్టాల ఇళ్లకు వెళ్లారు. ముసలివాళ్లు గొడ్ల దగ్గర మిగిలారు.

"ఏం జరుగుద్దో ఏమో" అన్న మాట ఆ రోజుల్లో పల్నాడంతా వినపడింది. నిజానికి ఆ మాట అన్నవాళ్లలో చాలామందికి ఏం జరుగుద్దో తెలుసు. ఎటు గెలిచినా ఏ వీధి మీదికి ఎవరొస్తారో, ఏ ఇంటి తలుపు ముందు విరుగుద్దో ఊహించగలరు. ఎందుకంటే అది ముందే జరిగింది. పల్నాడు భయంలోని ప్రత్యేకత ఇదేనని నాకనిపిస్తుంది. తెలియని రేపటి కంటే, బాగా తెలిసిన నిన్న మళ్లీ వస్తుందేమోనన్న బెంగే ఇక్కడ మనుషుల్ని కుంగదీస్తుంది.

భయం ఎలా పెరుగుతుంది

పెట్రోలు బాంబులు దాచిన ఇళ్లన్నీ దాడికి సిద్ధపడ్డ ఇళ్లే అనుకోలేం. అవతలివాళ్లు దాచారట, మనమూ దాచుకోకపోతే ఎలా అన్న మాట ఒక వీధిలో పుడుతుంది. పక్క వీధికి అది పెరిగి చేరుతుంది. అక్కడ దాచిన సంగతి మళ్లీ మొదటి వీధికి వార్తై వస్తుంది. దాంతో మొదటి వదంతి నిజమైపోతుంది.

ఫ్రెంచి చరిత్రకారుడు జార్జ్ లెఫెవ్ర్ 1932లో ఒక పుస్తకం రాశాడు. 1789 వేసవిలో ఫ్రాన్సు పల్లెల్లో పుట్టిన భయం దాని విషయం. ప్యారిస్‌లో ప్రభుత్వం కూలుతోంది, పల్లెల్లో తిండిగింజలు అడుగంటాయి. ఆ సమయంలో, పంటలు కోసుకుపోవడానికి జమీందార్లు దొంగల ముఠాలను పంపుతున్నారన్న పుకారు ఊరి నుంచి ఊరికి పాకింది. గుళ్లలో గంటలు కొట్టారు. రైతులు కొడవళ్లు, గొడ్డళ్లు పట్టుకుని బయటికొచ్చారు. దొంగలు మాత్రం రాలేదు. ఒక ఊరివాళ్లు ఆయుధాలతో పొరుగూరికి సాయం బయల్దేరితే, దూరం నుంచి చూసినవాళ్లు ఆ వచ్చేవాళ్లనే దొంగలనుకున్నారు. ఇది చదువుతుంటే కారెంపూడి, వెల్దుర్తి, దాచేపల్లి గుర్తుకు రాకమానవు. ఒక్క తేడా ఉంది. ఆ ఫ్రెంచి రైతులకు దొంగలు కల్పన. మన ఊళ్లలో కాలిన గడ్డివాములు, నరికేసిన బత్తాయి చెట్లు, పగిలిన తలలు కల్పన కాదు. పాత గాయం నిజం కాబట్టే కొత్త పుకారుకు అంత బలం.

ఆ 22 రోజుల్లో మరొకటి కూడా జోరుగా సాగింది. పందేలు. ఎవరు గెలుస్తారు, ఎంత మెజారిటీ అని రాష్ట్రమంతా కాసింది, పల్నాడు కూడా కాసింది. రేపు తన చేతిలో లేదనుకున్న మనిషికి పందెం ఒక అబద్ధపు పట్టునిస్తుంది. ఏమీ చేయలేనిచోట ఏదో చేసినట్టుంటుంది. లెక్కింపు ముగిసిన రాత్రి ఎన్నో ఇళ్లలో గెలిచిన పార్టీ వాళ్లే పందెంలో ఓడి ఏడ్చి ఉంటారు. రాజకీయాలు తెచ్చిన అప్పుల్లో ఇదీ ఒకటి. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఊరు వదిలినవాళ్లు

ఇక్కడ ఒక పార్టీని దోషిగా నిలబెట్టి, మరో పార్టీని బాధితుడిగా చూపితే రాతగాడి పని సులువైపోతుంది. పల్నాడు అంత సులువు కాదు. 2019 ఎన్నికల్లో తెలుగుదేశం ఓడాక ఆ వైపున్న కుటుంబాలు ఊళ్లు వదిలాయి. వాళ్లకోసం ఆ పార్టీ గుంటూరులో శిబిరం నడిపింది. 2019 సెప్టెంబరు 11న దుర్గి మండలం ఆత్మకూరుకు వాళ్లను తీసుకెళ్తామని 'చలో ఆత్మకూరు' పిలుపునిస్తే, నాయకులను ఇళ్లలోనే నిర్బంధించారు. ఊరు వదిలిన కారణాలు వేరని అప్పటి ప్రభుత్వం వాదించింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక బండి వెనక్కి తిరిగింది. ఈసారి వైఎస్సార్ కాంగ్రెస్ వైపున్న కుటుంబాలు మూటలు సర్దుకున్నాయి. మూటలు మోసినవాళ్లలో రెండువైపులా ఎక్కువమంది ఎకరం, రెండెకరాల వాళ్లు, కౌలుదార్లు, కూలీలే. ఎక్కువగా దళితులు, బీసీలు, ముస్లింలు.

ఊరు వదిలిన కుటుంబానికి ఏం పోతుంది? ఇల్లు ఉంటుంది, పొలమూ ఉంటుంది. పోయేది వచ్చే ఏడాది. కౌలు మరొకరికి పోతుంది. గేదెను అమ్మేస్తారు. టెన్త్ చదివే పిల్ల మధ్యలో బడి మారుతుంది, లేదా మానేస్తుంది. పొదుపు సంఘంలో కంతు తప్పుతుంది. తిరిగొచ్చాక కూడా పాత లెక్క అతకదు. మళ్లీ ఎప్పుడు లేవాలో తెలియని మనిషి బోరు వేయించడు, గోడకు సున్నం కొట్టించడు. ఐదేళ్లకోసారి ఆగిపోయే ఇల్లు ఎదగదు. మానవశాస్త్రవేత్త అర్జున్ అప్పాదురై ముంబై మురికివాడల వాళ్ల గురించి 2004లో ఒక వ్యాసం రాశాడు. ఆశించడం కూడా ఒక శక్తే, అది సమాజంలో అందరికీ సమానంగా లేదు, ఉన్నవాడికి అభ్యాసం ఎక్కువ, లేనివాడికి తక్కువ అన్నాడు. పల్నాడు కక్షల్లో నాయకుడి పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో చదువుకుంటారు. వాళ్ల రేపటికి ఢోకా లేదు. కర్ర పట్టుకున్నవాడి పిల్లలకే రేపు ఆగిపోతుంది.

వీర్ల గుడి చెప్పే కథ

కారెంపూడిలో వీర్ల గుడి దగ్గర ఏటా కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరారాధన ఉత్సవాలు ఐదు రోజులు సాగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. పల్నాటి యుద్ధాన్ని ఇన్ని వందల ఏళ్లుగా ఏటా తలుచుకునే ఊరు ఇది. బాలచంద్రుడి శౌర్యం, నాగమ్మ తంత్రం, బ్రహ్మనాయుడి చాపకూడు అందరికీ తెలుసు. ఆ కథలో నా మనసుకు తట్టేది మరొకటి. అది గడువు.

కోడిపందెంలో ఓడినందుకు బ్రహ్మనాయుడి వైపున్న మాచర్ల వాళ్లు ఏడేళ్లు అడవిపాలు కావాలి. వెళ్లారు. మండాదిలో ఉన్నారు, కష్టపడ్డారు, ఏడేళ్లూ గడిపారు. ఓటమికి ఒక హద్దుంది కాబట్టే వాళ్లు దాన్ని మోయగలిగారు. గడువు తీరాక రాజ్యం అడగడానికి అలరాజును రాయబారం పంపారు. ఆ రాయబారి చర్లగుడిపాడులో విషప్రయోగానికి బలయ్యాడు. యుద్ధం ఖాయమైంది అక్కడే. కోడి ఓడినప్పుడు యుద్ధం రాలేదు. రాజ్యం పోయినప్పుడూ రాలేదు. చెప్పిన గడువు తప్పినప్పుడు వచ్చింది.

కష్టానికి తేదీ ఉంటే మనిషి ఓర్చుకుంటాడు. తేదీ లేకపోతే కుంగిపోతాడు. ఇచ్చిన తేదీ తప్పిస్తే తిరగబడతాడు. పల్నాడు చరిత్ర మొత్తం ఈ మూడు మాటల మధ్య నడిచింది.

1920లో గాంధీ ఏడాదిలో స్వరాజ్యం అన్నాడు. 1921లో పల్నాడు రైతులు ఆ మాటను అక్షరాలా నమ్మారు. అడవిలో పశువులు మేపుకున్నందుకు సర్కారుకు కట్టాల్సిన పుల్లరి కట్టబోమన్నారు. అధికారులకు నీళ్లు పోయలేదు, నిప్పు ఇవ్వలేదు. తిండి సరుకులు అమ్మలేదు. వానలు సరిగా లేని ఏళ్లు, మేత లేని గొడ్లు, మీద పడ్డ పన్ను. భయపడటానికి కావలసినవన్నీ ఉన్నాయి. అయినా రాబోయే రాజ్యం తమదేనన్న ఊహ వాళ్లను నిటారుగా నిలబెట్టింది. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో కన్నెగంటి హనుమంతును కాల్చి చంపారు. స్వరాజ్యం ఆ ఏడాదిలో రాలేదు. కానీ ఆ ఉద్యమంలో జైలుకు వెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణ అక్కడే 'మాలపల్లి' నవల రాశాడు. అంటరానితనం, భూమి, కూలీల హక్కులు ఎలా మారాలో ఊహించిన ఆ పుస్తకాన్ని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. పల్నాడు సంక్షోభం నుంచి పుట్టిన భవిష్యత్తు ఊహల్లో అంతకు మించినది ఇప్పటికీ లేదని నమ్ముతాను.

బిలం బయట జనం

పిడుగురాళ్ల మండలంలో గుత్తికొండ బిలం ఉంది. యుద్ధం ముగిశాక, కొడుకునూ తోటివాళ్లనూ పోగొట్టుకున్న బ్రహ్మనాయుడు ఈ బిలంలోకే వెళ్లాడని ఇక్కడివాళ్ల నమ్మకం. 1969లో చారు మజుందార్ వచ్చి రహస్య సమావేశం పెట్టిందీ ఇక్కడే. ఆపై మూడున్నర దశాబ్దాలు ఈ అడవి అంచు ఊళ్లు రెండు తుపాకుల మధ్య బతికాయి. రాత్రి అన్నం పెట్టమని ఒకరు వచ్చేవారు. పొద్దున, ఎందుకు పెట్టావని మరొకరు వచ్చేవారు.

2004 జూలైలో ప్రభుత్వం పీపుల్స్‌వార్ మీద నిషేధాన్ని పొడిగించలేదు. అక్టోబరు 11న నక్సలైట్ నాయకులు ఈ బిలం దగ్గర బహిరంగ సభ పెట్టారు. వాళ్లలో ఒకడు, రెంటచింతల మండలం తుమృకోటలో పుట్టిన రామకృష్ణ, అన్నేళ్ల అజ్ఞాతం తర్వాత సొంత నేల మీద జనం ముందు నిలబడ్డాడు. వేలమంది వచ్చారు. ఉద్యమాన్ని మెచ్చినవాళ్లే కాదు, దాని చేతిలో దెబ్బతిన్నవాళ్లూ, బిడ్డ జాడ తెలుస్తుందేమోనని ఎదురుచూసిన తల్లులూ వచ్చిన సభ అది. తర్వాత చర్చలకోసం ఆ నాయకులు దిగిన హైదరాబాదు మంజీరా అతిథిగృహం ముందు జనం వినతిపత్రాలు పట్టుకుని బారులు తీరారు. భూమి తగాదాలు, పట్టాలు, పింఛన్లు. అడవిలోంచి వచ్చినవాళ్లు నాలుగు రోజుల్లో ఇవన్నీ తీర్చలేరని తెలియనంత అమాయకులు కారు వాళ్లు. ఇన్నేళ్లకు ఎవరో వింటున్నారన్నదే చాలినంత ఆశైంది.

అక్టోబరు 15 నుంచి 18 దాకా ప్రభుత్వంతో చర్చలు జరిగాయి. మాజీ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్.శంకరన్ నాయకత్వంలోని పౌర స్పందన వేదిక ఏళ్ల తరబడి పడ్డ శ్రమ వాటి వెనక ఉంది. మలి విడత రావాల్సింది. రాలేదు. 2005 జనవరిలో మళ్లీ ఎన్‌కౌంటర్లు మొదలయ్యాయి, చర్చలు చెడ్డాయి. ఆగస్టులో మక్తల్ ఎమ్మెల్యే నర్సిరెడ్డి హత్య, ఆ వెంటనే నిషేధం. ఆ కొద్ది నెలల్లో ధైర్యం చేసి సభలకు వచ్చి, బహిరంగంగా మాట్లాడిన మామూలు మనుషులు తర్వాతి రోజుల్లో దానికి మూల్యం చెల్లించారు. ఇరువైపులా చచ్చిపోయారు. చర్చలు విఫలమయ్యాయని రాస్తాం. వాటిని నమ్మి గడప దాటిన పల్లె ఏం పోగొట్టుకుందో రాయం.

చేలో అనిశ్చితి

రాజకీయాలు పక్కన పెడితే, పల్నాడు రైతుకు అనిశ్చితి రోజువారీ సంగతి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. పన్నెండేళ్లు ఎదురుచూసిన నేలకు నీళ్లొచ్చాయి. ఆ నీళ్ల వెనకే వరి, పత్తి, మిరప, వాటి వెనకే పెట్టుబడి, అప్పు. 1987లో పత్తి మీద తెల్లదోమ పడ్డప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. పత్తి రైతుల ఆత్మహత్యల గురించి దేశం మాట్లాడటం మొదలుపెట్టింది ఆ తర్వాతే. 2021 చివర్లో నల్ల తామర పురుగు మిరప పూతను తినేసింది. పురుగు తగ్గి పంట నిలబడితే ధర కూలింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాలు మిరపకు 11,781 రూపాయలు ప్రకటించింది. అంతకు రెండేళ్ల ముందు రైతు చూసిన ధరలో అది దాదాపు సగం.

అమెరికా ఆర్థికవేత్త ఫ్రాంక్ నైట్ 1921లో ఒక తేడా చెప్పాడు. లెక్కకట్టగల ప్రమాదం వేరు, లెక్కకే అందని అనిశ్చితి వేరు అని. పదేళ్లలో మూడేళ్లు వాన తప్పుతుందని రైతుకు తెలుసు. దానికి తగ్గట్టు కొంత మెట్ట పంట వేస్తాడు, రెండు గేదెలు పెట్టుకుంటాడు. అది లెక్కకు అందే సంగతి. కుడికాలువకు నీళ్లు ఏ తేదీన వదులుతారో, ఎన్ని రోజులు ఇస్తారో ఎవరూ చెప్పకపోతే అది లెక్కకు అందదు. 2023 నవంబరు 30 తెల్లవారుజామున, తెలంగాణలో పోలింగ్ జరిగే రోజున, సాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. ఆంధ్ర పోలీసులు సగం డ్యామును స్వాధీనంలోకి తీసుకుని కుడికాలువకు నీళ్లు వదిలారు. తాగునీటికేనన్నారు. ఆ వార్త చూసిన రైతు నారు పోయాలా, మానాలా?

కౌలుదారు పరిస్థితి ఇంకా కష్టం. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు కార్డు 11 నెలలకు ఇస్తారు. దానికి భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే పొలం పోతుందేమోనని యజమానికి భయం. పెట్టకపోతే బ్యాంకు అప్పు లేదు, పంట బీమా లేదు, నష్టపరిహారం లేదు. ఇక్కడ సాగుదారుల్లో పెద్ద భాగం కౌలుదార్లే. వాళ్ల రేపు మరొకరి సంతకం మీద ఆధారపడి ఉంది. దానికి తోడు పార్టీ పట్టింపు. ఎదురు పార్టీ వాడికి కౌలివ్వొద్దని ఊళ్లో చెబితే ఆ సంతకమూ రాదు. చేను భయం, రాజకీయ భయం కలిసేది ఇక్కడే.

ఉగాదికి పంచాంగ శ్రవణం వినని ఊరు పల్నాడులో లేదు. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు ఎంత చెప్పినా శ్రద్ధగా వింటారు. దాన్ని మూఢనమ్మకమని తోసెయ్యలేను. ఏడాదికి ఒక్కరోజైనా ఊరంతా ఒకచోట కూర్చుని రాబోయే ఏడాది గురించి కలిసి ఆలోచిస్తుంది. రెండు వర్గాల వాళ్లూ ఒకే అరుగు మీద కూర్చుని రేపటి గురించి మాట్లాడే సందర్భం మరొకటి మిగల్లేదు.

ఇప్పుడేం చేయాలి

పల్నాడు 2022 ఏప్రిల్ 4న జిల్లా అయింది, నరసరావుపేట ముఖ్యపట్టణమైంది. కలెక్టరు, ఎస్పీ ఇంతకు ముందుకన్నా దగ్గరయ్యారు. వాళ్లనూ, వాళ్ల మీదున్న ప్రభుత్వాన్నీ అడగాల్సింది పెద్ద పెద్ద పథకాలు కాదు. తేదీలు. ఎన్నికల గొడవల కేసులు ఎప్పటికి తేలతాయో తేదీ. ఊరు వదిలినవాళ్లను, వాళ్లు ఏ పార్టీ వారైనా సరే, ఎప్పుడు తిరిగి తెస్తారో, తెచ్చాక ఎన్నాళ్లు పోలీసు పికెట్ ఉంచుతారో తేదీ. కాలువ నీళ్లకు తేదీ. కౌలు కార్డుకు ఖరీఫ్ మొదలవకముందే తేదీ. చెప్పిన తేదీ తప్పితే ఎందుకు తప్పిందో గ్రామసభలో నిలబడి చెప్పే అధికారి.

మనుషులు కూడా చేయాల్సింది ఉంది. పంచాయతీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. మళ్లీ ఎన్నికలు ఎప్పుడొచ్చినా ఊళ్లో గొడవ మొదలయ్యేది నాయకుల ఇళ్ల దగ్గర కాదు, మీ వీధిలో. అవతలి వీధిలో ఏదో దాచారట అన్న మాట చెవిన పడితే దాన్ని ఫోన్లో మరొకరికి పంపకముందు, అవతలి వీధిలో ఉన్న మీ మేనత్తకో, తోటి విద్యార్థికో ఒక్కసారి ఫోన్ చేయండి. ఎదురు పార్టీ వాడి కౌలు ఆపొద్దు. వాడి పిల్ల బడి మాన్పించే పని చేయొద్దు. నాయకుడు కర్ర అందిస్తే, నీ కొడుకు ఎక్కడ చదువుతున్నాడని అడగండి.

2024లో గొడవల మధ్యే నిలబడి ఓటేసిన 85 శాతం మందికి రేపటి మీద నమ్మకం లేదని ఎవరూ అనలేరు. ఆ నమ్మకానికి తగిన తేదీలు చెప్పి, చెప్పినవి నిలబెట్టుకునే బాధ్యత మాత్రం వాళ్ల ఓటుతో గెలిచినవాళ్లది, ఓడినవాళ్లది కూడా.